చుక్క ఎక్కడ పడుతుంది? – జీపీఎస్ వేపాయింట్లు, డిజిటల్ మ్యాపులు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నెల రోజుల క్రితం మన కార్యదర్శిగారు ఫోన్ చేశారు. "సుబేదార్ సాబ్, పాటలకీ పద్యాలకీ మనుషులు దొరికారు. మీరు మీ ట్రేడ్ గురించి ఓ అరగంట చెప్పండి" అన్నారు. నా ట్రేడ్ ఆర్టిలరీ సర్వే. థియోడొలైట్ భుజాన వేసుకొని గుట్టలెక్కిన చివరి తరం మాది. జీపీఎస్ సెట్టు చేతపట్టిన మొదటి తరం కూడా దాదాపు మాదే. రెండూ చూసినవాణ్ణి కాబట్టి, మ్యాపు మీద చుక్క పెట్టడం అనే చిన్న పని గురించి మాట్లాడదామనుకున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. యూనిట్ల పేర్లు, స్థానాలు, ఇప్పటి సైనిక పరికరాల సంగతులు నా ప్రసంగంలో ఉండవు. నేను చెప్పేదంతా బయట పుస్తకాల్లో, పత్రికల్లో వచ్చినదే.

ఈ రోజుల్లో చుక్క పెట్టడానికి సర్వేయరు అక్కర్లేదు. జేబులో ఫోన్ తీసి వేలు నొక్కితే నీలం చుక్క వెలుగుతుంది. మా మనవరాలు కూడా "తాతయ్యా, లొకేషన్ పంపించు" అంటుంది. బాగానే ఉంది. కానీ ఒకరు చూసిన చోటును ఇంకొకరు చేరుకోవాలంటే, నోటితో చెప్పి, కాగితం మీద రాసి, రేడియోలో పంపి, ఇంకో యంత్రంలో ఎక్కించాలంటే అప్పుడు మొదలవుతుంది అసలు కథ. మన ఊళ్ళల్లో "గాంధీ బొమ్మ దగ్గరికి రా" అంటాం. ఏ ఊరి గాంధీ బొమ్మ? ఊరు చెప్పకుండా బొమ్మ చెబితే ఎంత ఉపయోగమో, వెనక ఉన్న లెక్క చెప్పకుండా అక్షాంశ రేఖాంశాలు చెబితే అంతే ఉపయోగం.

ముందు ఒక విషాద సంఘటన. 2001 డిసెంబరు 5న అఫ్ఘనిస్తాన్‌లో, కాందహార్‌కు ఉత్తరాన, అమెరికన్ ప్రత్యేక దళాల వాళ్ళు తాలిబాన్ స్థావరం మీద బాంబు వేయించడానికి విమానాన్ని పిలిచారు. ఆకాశంలో బీ-52. వేయబోయేది రెండు వేల పౌండ్ల బాంబు, చెప్పిన కోఆర్డినేట్ల మీదికి తనంతట తానే పోయి పడే రకం. నేల మీద ఉన్న కంట్రోలరు అంతకు ముందు నేవీ విమానానికి డిగ్రీలు, నిమిషాలు, సెకండ్లలో స్థానం చెప్పాడు. బీ-52 వాళ్ళకు అదే స్థానం దశాంశ డిగ్రీల్లో కావాలి. అందుకని జీపీఎస్ సెట్టులో మళ్ళీ లెక్క చేశాడు. ఈలోగా బ్యాటరీ అయిపోయింది. కొత్త బ్యాటరీ వేశాడు. ఆ సెట్టు తిరిగి ఆన్ అయినప్పుడు శత్రువు స్థానం చూపించదు, తాను ఎక్కడుందో ఆ స్థానమే చూపిస్తుంది. అతను తెర మీద కనిపించిన అంకెలు చదివి పంపించాడు. బాంబు చక్కగా ఆ అంకెల మీదే పడింది. ముగ్గురు అమెరికన్ సైనికులు, వాళ్ళతో ఉన్న అఫ్ఘన్ యోధులు కొందరు చనిపోయారు. దగ్గర్లోనే ఉన్న హమీద్ కర్జాయ్‌కి స్వల్ప గాయాలయ్యాయి. ఆయన ఆ తర్వాత ఆ దేశాధ్యక్షుడయ్యారు. మరుసటి ఏడు మార్చిలో అమెరికన్ పత్రికలు ఈ సంగతి బయటపెట్టాయి.

ఉపగ్రహాలు సరిగ్గానే పనిచేశాయి, సెట్టు సరిగ్గానే పనిచేసింది, బాంబు గురి తప్పలేదు. అంకెలు పుట్టిన చోటికీ అవి చేరిన చోటికీ మధ్య మనిషి ఉన్నాడు. అక్కడే పోయింది. అందుకే మా దగ్గర పాత ఉస్తాదులు ఒక అలవాటు నేర్పేవారు: తెర మీద చదివింది రాసుకో, రాసుకున్నది మ్యాపు మీద పెట్టు, పెట్టిన చుక్క నీకూ శత్రువుకూ మధ్య ఏ పక్కన ఉందో కళ్ళతో చూడు, ఆ తర్వాతే రేడియో ప్రెసెల్ నొక్కు. మ్యాపు మీద పెట్టి చూసి ఉంటే ఆ చుక్క తమ నెత్తి మీదే పడిందని ఆ కుర్రాడికి అర సెకనులో తెలిసేది.

ఇక అంకెలు రాసే తీరు. ఒకే చోటును మూడు రకాలుగా రాయొచ్చు. ఉదాహరణకు హైదరాబాద్ శివార్లలో ఒక అక్షాంశం తీసుకోండి. 17 డిగ్రీల 30 నిమిషాల 30 సెకండ్లు. అదే 17 డిగ్రీల 30.5 నిమిషాలు. అదే 17.50833 డిగ్రీలు. మూడూ ఒకటే. ఇప్పుడు రేడియోలో "సత్రా, తీస్, పాయింట్ పాంచ్" అని వినపడింది. విన్నవాడు 17 డిగ్రీల 30 నిమిషాల 50 సెకండ్లు అని రాసుకున్నాడనుకోండి. తేడా 20 సెకండ్లు. అక్షాంశంలో ఒక సెకండు అంటే సుమారు 31 మీటర్లు, కాబట్టి చుక్క ఆరు వందల మీటర్లకు పైగా జరిగిపోయింది. ఇంకొకడు తొందరలో కంప్యూటర్లో 17.305 అని కొట్టాడనుకోండి. చుక్క ఇరవై రెండు కిలోమీటర్ల అవతలికి పోయింది. విచిత్రమేమంటే పెద్ద తప్పు అంత ప్రమాదం కాదు. ఇరవై రెండు కిలోమీటర్ల అవతల పడితే ఎవడో ఒకడు "ఇదేంటి సాబ్, మనం ఇక్కడ లేము కదా" అంటాడు. ఆరు వందల మీటర్ల తప్పు మాత్రం చూడ్డానికి నిజంలాగే ఉంటుంది. అదే సెక్టార్, అదే వాగు, అదే అడవి.

అందుకని అంకెతో పాటు "డిగ్రీ దశాంశం", "నిమిషం దశాంశం", "డిగ్రీ-నిమిషం-సెకండు" అని పేరు కూడా చెప్పించండి. నిమిషాల చోట 60కి మించిన అంకె కనిపిస్తే అది నిమిషాలు కాదు. ఇది చిన్నపిల్లల లెక్కే, కానీ రాత్రి రెండు గంటలకు, వానలో, టార్చి వెలుగులో చిన్నపిల్లల లెక్కలే తప్పుతాయి.

దశాంశాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. డిగ్రీ దశాంశంలో నాలుగో స్థానం అంటే సుమారు 11 మీటర్లు, ఐదో స్థానం అంటే ఒక మీటరు చిల్లర. చేతి ఫోన్లు ఆరుబయట నాలుగైదు మీటర్ల వరకు నిజం చెబుతాయి. అలాంటప్పుడు కొందరు ఎనిమిది దశాంశాలు రాసి పంపుతారు. ఎనిమిదో దశాంశం అంటే మిల్లీమీటరు అండీ! అది కొలత కాదు, కంప్యూటరు కక్కిన అంకె. ఐదు దశాంశాలు చాలు. అంకెలు తగ్గితే రేడియోలో తప్పులు కూడా తగ్గుతాయి.

ఇప్పుడు అసలు విషయం, డేటమ్. ఈ మాట వినగానే కొందరు నిద్రకు సిద్ధమవుతారు. పది నిమిషాలు ఓపిక పట్టండి.

భూమి ఉండలాగా లేదు, కాస్త నొక్కిన బంతిలాగా ఉంటుంది. ఎంత పెద్ద బంతి, ఎంత నొక్కాలి, దాని మధ్య బిందువు ఎక్కడ అని ఒక లెక్క కట్టుకుంటే తప్ప అక్షాంశ రేఖాంశాలకు అర్థం లేదు. మన దేశంలో ఆ లెక్కకు పునాది 1802లో మద్రాసులో పడింది. విలియం లాంబ్టన్ అనే పదాతిదళ అధికారి సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బేస్‌లైన్ కొలిచి మొదలుపెట్టిన సర్వే అది. దాని వెన్నెముక లాంటి గ్రేట్ ఆర్క్ దాదాపు 78 డిగ్రీల రేఖాంశం వెంబడి మన తెలుగు నేల మీదుగానే ఉత్తరానికి సాగింది. 1823లో లాంబ్టన్ పనిలో ఉండగానే హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. తర్వాత జార్జ్ ఎవరెస్ట్ ఆ పని కొనసాగించి, 1830లో భూమి ఆకారానికి ఒక లెక్క తేల్చాడు. మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్‌ను మూలబిందువుగా పెట్టుకున్నారు. మనం సర్వీసులో మడతపెట్టి మోసిన పాత సర్వే ఆఫ్ ఇండియా షీట్లన్నీ ఈ ఎవరెస్ట్ లెక్క మీదే గీసినవి. హైదరాబాద్ వాళ్ళకు 56కే షీటు గుర్తుండే ఉంటుంది.

జీపీఎస్ వాడే లెక్క వేరు. దాని పేరు డబ్ల్యూజీఎస్-84. ఎవరెస్ట్ లెక్కలో భూమి అర్ధవ్యాసం భూమధ్యరేఖ దగ్గర 63,77,276 మీటర్లు. డబ్ల్యూజీఎస్-84లో 63,78,137 మీటర్లు. బంతి సైజులోనే 860 మీటర్ల తేడా, మధ్య బిందువు కూడా వేరే చోట. ఎవరెస్ట్ తప్పు చేశాడని కాదు. ఆయన లెక్క మన ఉపఖండానికి చక్కగా అతికేటట్టు కుట్టిన చొక్కా. జీపీఎస్‌ది ప్రపంచమంతటికీ కలిపి కుట్టిన చొక్కా. ఒకదాని గుండీలు ఇంకోదాని కాజాల్లో పట్టవు.

పట్టకపోతే ఎంత తేడా వస్తుంది? అంతర్జాతీయంగా ప్రచురితమైన సవరణ సంఖ్యలతో నేను లెక్క కట్టి చూశాను, స్థూలంగా చెబుతాను. ఢిల్లీ దగ్గర అక్షాంశంలో తేడా దాదాపు లేదు, రేఖాంశంలో 125 మీటర్ల దాకా ఉంది. హైదరాబాద్ దగ్గర రెండూ కలిపి 180 మీటర్ల చిల్లర. తూర్పుకు వెళ్ళేకొద్దీ రేఖాంశం తేడా పెరుగుతూ పోతుంది, అస్సాం వైపు 300 మీటర్లు దాటుతుంది. జీపీఎస్ అంకెను ఏ మార్పూ లేకుండా పాత షీటు మీద పెడితే చుక్క అసలు చోటుకు పడమర దిక్కున పడుతుంది, మన దక్షిణాదిలో అయితే వాయవ్యంగా.

ఈ సంగతి చాలాకాలం మనవాళ్ళకు పట్టకపోవడానికి ఒక కారణముంది. 2000 మే నెల మొదటి తేదీ వరకు అమెరికా వాళ్ళు సివిల్ వాడకానికి వచ్చే జీపీఎస్ సంకేతాన్ని కావాలనే చెడగొట్టి వదిలేవారు. అప్పట్లో వంద మీటర్ల తప్పు మామూలు. చుక్క పక్కకు పడితే "అమెరికావాడి పని" అనుకొని వదిలేసేవాళ్ళం. ఆ చెడగొట్టడం ఆపేశాక సెట్టు పది మీటర్ల లోపలికి వచ్చింది. అయినా పాత షీటు మీద చుక్క పక్కకే పడింది. అప్పుడు గానీ చాలామందికి డేటమ్ అనే మాట చెవిన పడలేదు.

2004లో అస్సాం వరదలప్పుడు సహాయక దళంతో నేనూ ఉన్నాను. బ్రహ్మపుత్రలో కలిసే ఒక ఉపనది, ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. దాని తూర్పు కరకట్ట మీద అక్కడక్కడా జనం చిక్కుకుపోయారు. ముందురోజు పడవలో వెళ్ళివచ్చిన స్థానిక కుర్రాడొకడు జీపీఎస్ సెట్టుతో ఆరు వేపాయింట్లు పట్టుకొచ్చాడు. మా కుర్ర లెఫ్టినెంట్ వాటిని యాభై వేల స్కేలు షీటు మీద పెడితే ఆరూ నది మధ్యలో పడ్డాయి. పడవ నడిపే హవల్దారు "సాబ్, సెట్టు ఖరాబ్ హై, వాడు పడవలో కూర్చొని నొక్కి ఉంటాడు" అన్నాడు. ఆ కుర్రాడి మొహం చిన్నబోయింది. నేను షీటు దగ్గరకు లాక్కొని చూశాను. ఆరు చుక్కలూ కట్ట గీతకు పడమరగా, ఒక్కొక్కటీ ఆరు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ దూరంలో, బారులు తీరి ఉన్నాయి. కట్ట ఎక్కడ వంపు తిరిగితే చుక్కలు కూడా అక్కడే వంపు తిరిగాయి. ఖరాబైన సెట్టు ఇంత క్రమశిక్షణగా తప్పు చేయదండీ.

సెట్టు తీసుకొని దగ్గర్లోని వంతెన గోడ దగ్గర నిలబడ్డాం. ఆ వంతెన షీటు మీద ఉంది. సెట్టు చెప్పిన అంకెకూ షీటు చెప్పిన అంకెకూ మధ్య అదే తేడా, అదే దిక్కు. ఆ తేడాను ఆరింటికీ కలిపాం. చుక్కలు వెళ్ళి కట్ట మీద కూర్చున్నాయి. రాత్రి పడవలు పోయాయి. ఒకచోట స్కూలు డాబా మీద ముప్ఫై మంది దాకా ఉన్నారు, చంటిపిల్లలతో. వరద నీటిలో, చీకట్లో, మూడు వందల మీటర్లు అంటే ఎంత దూరమో పడవ తోలినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఈ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. మ్యాపు మీద కచ్చితంగా గుర్తుపట్టగలిగే చోటు, వంతెనో, గుడి గోపురమో, ట్రిగ్ స్తంభమో చూసుకొని అక్కడ నిలబడి రీడింగ్ తీయండి. చుక్కలన్నీ ఒకే దిక్కుకు ఒకే దూరం జరిగి ఉంటే డేటమ్ తేడా. ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకు పోయి ఉంటే రాసినవాడో, చదివినవాడో, ఫార్మాట్ మార్చినవాడో. సెట్టులో డేటమ్ మార్చుకునే వీలు ఉంటుంది. కానీ "ఇండియన్" అనే పేరు కనపడగానే మనదే కదా అని నొక్కేయకండి. భారత్-నేపాల్‌కు ఒకటి, బంగ్లాదేశ్‌కు ఒకటి, థాయిలాండ్‌కు, వియత్నాంకు వేరే వేరే, అన్నీ "ఇండియన్" పేరు మీదే ఉన్నాయి.

"సాబ్, ఇదంతా కాగితం మ్యాపుల కథ. ఇప్పుడంతా డిజిటల్ కదా" అని వెనక వరసలో తమ్ముళ్ళు అనుకుంటూ ఉండొచ్చు. అక్కడికే వస్తున్నాను. 2005 జాతీయ మ్యాప్ విధానం తర్వాత సర్వే ఆఫ్ ఇండియా ప్రజల కోసం వేసిన ఓపెన్ సిరీస్ మ్యాపులు డబ్ల్యూజీఎస్-84 మీదే ఉన్నాయి. రక్షణ అవసరాల సిరీస్ వేరు. గూగుల్ ఎర్త్ కూడా డబ్ల్యూజీఎస్-84నే వాడుతుంది. హైదరాబాద్ బాలానగర్‌లోని మన ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ళు 2009లో భువన్ తెచ్చారు. ఇలాంటివాటి మీద జీపీఎస్ చుక్క నేరుగా పెట్టుకోవచ్చు. చిక్కు ఎక్కడొస్తుందంటే, చాలా ఆఫీసుల్లో "డిజిటల్ మ్యాపు" అంటే పాత షీటును స్కాన్ చేసి, నాలుగు మూలల అంకెలు ఇచ్చి కంప్యూటర్లో అతికించినదే. మూలల అంకెలు ఎవరెస్ట్‌వి. సాఫ్ట్‌వేర్ "ఏ డేటమ్?" అని అడిగితే, అతికించినవాడు అక్కడ ముందే కనిపిస్తున్న డబ్ల్యూజీఎస్-84కి ఓకే కొట్టేస్తాడు. ఇక అంతే. పైకి డిజిటల్, లోపల పాత ఎవరెస్ట్ షీటే. తెర మీద ఎంత జూమ్ చేస్తే అంత అందంగా తప్పు కనపడుతుంది. జీపు రోడ్డు మీదే పోతుంటుంది, తెర మీద మీ ట్రాక్ మాత్రం రోడ్డు పక్కన పొలాల్లో రోడ్డుకు సమాంతరంగా పోతుంటుంది. అలా కనపడిందంటే ఆ మ్యాపు అతికించినవాణ్ణి పిలిచి టీ ఇచ్చి కూర్చోబెట్టండి.

గ్రిడ్ వాడేవాళ్ళకు ఇంకో మాట. యూటీఎం గ్రిడ్‌లో ప్రపంచాన్ని ఆరేసి డిగ్రీల జోన్లుగా కోశారు. మన రెండు తెలుగు రాష్ట్రాల మీద మూడు జోన్లు పడతాయి. 78 డిగ్రీలకు పడమర 43వ జోన్: అనంతపురం, జహీరాబాద్ అందులో. 78 నుంచి 84 వరకు 44: హైదరాబాద్, విజయవాడ, విశాఖ అందులో. 84 దాటితే 45: పలాస, ఇచ్ఛాపురం అందులో. లాంబ్టన్ నడిచిన ఆ 78వ రేఖే ఇప్పుడు జోన్ల సరిహద్దు కావడం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది. జోన్ నంబరు చెప్పకుండా ఈస్టింగ్, నార్తింగ్ మాత్రమే చెబితే, అదే అంకెల జత ప్రతి జోన్‌లోనూ ఉంటుంది. జోన్ ఒకటి తప్పితే చుక్క మన అక్షాంశం దగ్గర ఆరు వందల కిలోమీటర్లకు పైగా ఎగిరిపోతుంది. తుపాను రోజుల్లో శ్రీకాకుళం జిల్లా పని చేసేవాళ్ళకు ఒకే జిల్లాలో రెండు జోన్లు ఎదురవుతాయి. వాళ్ళు ముందే అనుకొని అక్షాంశ రేఖాంశాల్లో మాట్లాడుకోవడం మేలు.

ఫైళ్ళ సంగతి కూడా ఉంది. మనం నోటితో ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం చెబుతాం. గూగుల్ ఎర్త్ వాడే కేఎంఎల్ ఫైల్లో ముందు రేఖాంశం రాయాలి, తర్వాత అక్షాంశం. చేత్తో రాసేటప్పుడు తారుమారైతే ఏమవుతుందో చూడండి. హైదరాబాద్ 17.4 ఉత్తరం, 78.5 తూర్పు. తిరగేస్తే 78.5 ఉత్తరం, 17.4 తూర్పు. అది ఆర్కిటిక్ మహాసముద్రంలో నార్వే వాళ్ళ స్వాల్బార్డ్ దీవుల్లో మంచుకొండల మీద పడుతుంది. మన దేశపు హిమాద్రి పరిశోధనా కేంద్రం కూడా ఆ దీవుల్లోనే ఉందనుకోండి, బిర్యానీ మాత్రం దొరకదు.

ఇంతవరకు చుక్క తప్పడం గురించి చెప్పాను. చుక్క సరిగ్గా ఉండి మ్యాపే తప్పయితే? 2013 జనవరి 17న అమెరికా నేవీ మైన్‌స్వీపర్ గార్డియన్ ఫిలిప్పీన్స్‌లోని టుబ్బటాహా పగడపు దిబ్బ ఎక్కేసింది. ఆ ఓడ వాడిన డిజిటల్ చార్టులో ఆ దిబ్బ ఉన్న చోటు కంటే దాదాపు ఎనిమిది నాటికల్ మైళ్ళు పక్కకు పడి ఉంది. ఓడ స్థానం జీపీఎస్ సరిగ్గానే చెప్పింది. దిబ్బే మ్యాపులో వేరే చోట ఉంది. నేవీ విచారణలో తేలిందేమంటే, వేరే స్కేలు చార్టుల్లో ఆ ప్రాంతం తేడాగా కనపడుతున్నా సిబ్బంది సరిచూసుకోలేదు. ఓడను దిబ్బ మీద నుంచి లాగలేక ముక్కలుగా కోసి తీసుకుపోయారు. రెండు మ్యాపులు రెండు మాటలు చెబుతుంటే నచ్చినదాన్ని నమ్మడం కాదు, ఎందుకు తేడా వచ్చిందో తేలేదాకా వేగం తగ్గించడం నావికుల పాత పద్ధతి. నేవీ సోదరులు ఇక్కడున్నారు, నాకంటే వాళ్ళే బాగా చెప్పగలరు.

నేల కూడా మారుతుంది. 1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్ బయల్దేరిన మన ఎయిర్‌ఫోర్స్ ఏఎన్-12 విమానం వెనక్కు తిరిగివస్తూ రోహ్‌తాంగ్ ప్రాంతంలో మాయమైంది. అందులో 102 మంది. శకలాలు మొదట కనపడింది 2003లో, పర్వతారోహకులకు. ఆ తర్వాత సైన్యం పలుమార్లు వెతికింది. 2024లో కూడా నాలుగు భౌతికకాయాలు దొరికాయి, యాభై ఆరేళ్ళ తర్వాత. అక్కడ విమానం పడింది హిమనదం మీద. హిమనదం అంటే నిలబడిన మంచు కాదు, కిందికి జారుతూ ఉండే మంచు. ఒక ఏడాది ఒక చోట పెట్టిన వేపాయింటు, పదేళ్ళ తర్వాత అదే అంకెల దగ్గరికి వెళితే అక్కడ ఏమీ ఉండకపోవచ్చు, అంతా కిందికి నడిచిపోయి ఉంటుంది. అందుకని వేపాయింటుకు తేదీ రాయాలి. అస్సాం నదులకూ ఇది వర్తిస్తుంది, మన గోదావరి లంకలకూ వర్తిస్తుంది. ఉపగ్రహ చిత్రం కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో అది ఎప్పుడు తీసిందో ఉంటుంది. అది చూడకుండా లంక మీద చుక్క పెడితే, చుక్క ఉంటుంది, లంక ఉండదు.

ఇంకో విమానం సంగతి మన విశాఖ వాళ్ళకు ఇంకా పచ్చి గాయమే. 2016 జులై 22న చెన్నై తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయల్దేరిన ఏఎన్-32లో 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిది మంది విశాఖ నావల్ ఆర్మమెంట్ డిపో సివిలియన్ ఉద్యోగులు. బంగాళాఖాతం మీద రాడార్ నుంచి మాయమైంది. ఓడలు, విమానాలు వారాల తరబడి గాలించాయి. 2024 జనవరిలో చెన్నై తీరానికి దూరంగా 3,400 మీటర్ల లోతున, మనుషులు లేకుండా తిరిగే జలాంతర్గామి యంత్రం తీసిన ఫొటోల్లో ఆ విమానానివిగా భావిస్తున్న శకలాలు కనిపించాయని రక్షణ శాఖ ప్రకటించింది. ఏడున్నర సంవత్సరాలు! రాడార్ చివరిసారి చూసిన చోటు ఒక చుక్క. విమానం పడిన చోటు ఆ చుక్క కాదు. ఆ తర్వాత ఎంతసేపు ఎగిరింది, ఏ దిక్కుకు తిరిగింది, నీటిలో మునుగుతూ ఎటు కొట్టుకుపోయింది అనేవి తెలియనప్పుడు మ్యాపు మీద పెట్టాల్సింది చుక్క కాదు, వలయం. డిజిటల్ మ్యాపుల్లో నాకు నచ్చని సంగతి ఇదే. తెలిసినదానికీ తెలియనిదానికీ ఒకే ఎర్ర పిన్ను గుచ్చుతుంది. పాతకాలంలో పెన్సిలుతో వలయం గీసి, పక్కన "ఇంతలోపు" అని రాసేవాళ్ళం. సాఫ్ట్‌వేర్‌లో కూడా వలయం గీసే వీలుంది, గీయాలనే బుద్ధి ఉండాలి.

ఎత్తు గురించి ఒక్క మాటతో వదిలేస్తాను. ఉపగ్రహం లెక్క కట్టే ఎత్తు ఆ ఊహాబంతి పైనుంచి, సముద్రమట్టం నుంచి కాదు. మన దక్షిణ భారతంలో ఈ రెంటి మధ్య తేడా పదుల మీటర్లు. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో అది వంద మీటర్లు దాటుతుంది, ప్రపంచంలో అంతకంటే లోతైన పల్లం లేదు. మంచి సెట్లు సవరించి చూపిస్తాయి. అన్నీ చూపించవు. విశాఖ బీచ్‌లో నిలబడితే మీ యాప్ మీరు సముద్రమట్టానికి చాలా కింద ఉన్నారంటే, మునిగిపోయామని కంగారు పడకండి. డ్రోన్లు ఎగరేసే తమ్ముళ్ళు మాత్రం ఈ మాట గట్టిగా పట్టించుకోవాలి.

ఇప్పుడు టీ విరామం. తర్వాత అరగంట నేను ఆ మూల టేబుల్ దగ్గర ఉంటాను. మీ ఊరి నీళ్ళ ట్యాంకో, గుడి ధ్వజస్తంభమో ఫోన్ మ్యాపులో వెతికి పెట్టుకొని రండి. అంకె, దాన్ని ఏ ఫార్మాట్‌లో రాశారో, ఏ డేటమో, ఏ తేదీ చిత్రమో, ఎన్ని మీటర్ల వరకు నమ్మకమో, ఐదూ కలిపి రిజిస్టర్లో రాయిద్దాం. సంఘంలో ఎవరి ఊరు ఎక్కడుందో ఒకే మ్యాపు మీద చూడాలని కార్యదర్శిగారి కోరిక. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, ఆదిలాబాద్ నుంచి తిరుపతి దాకా అందరూ ఉన్నారు. జోన్లు మూడు పడతాయి, జాగ్రత్త. ఫోన్లో బ్యాటరీ ఎంతుందో కూడా ఒకసారి చూసుకోండి.